కొత్త పెట్టని మామిడి

కొండమీది కంబళిస్వామి మంత్రం మొన్న పారలేదట. ఎదురింటి నూకాలు చాకిరేవులో ఈ మాట అందని, తన చెవిదాకా వచ్చేసరికి సగం అరిగిపోయిందని, మిగిలిన సగం మాత్రం అచ్చంగా నిజమని, కుమ్మరి సూరమ్మ సారె పక్కన చతికిలబడి మొగుడికి చెప్పింది. నూకాలు తమ్ముడు కొండదారి ద్వారమైన ఘట్టం దగ్గర కావలివాడు. వాడు పెళ్ళాంతో అన్నాడట. ఆ పెళ్ళాం నోట్లో నువ్వుగింజ నానదు గనక ఆడబిడ్డతో అందట.

"ఘట్టం దొడ్డిలో చెరపెట్టిన కొండపిల్ల ఒకతె ఆకలికి ఓర్వలేక, కావలివాళ్ళు చీకి పారేసిన మామిడిటెంక ఏరుకుని చప్పరించిందట. సాయంత్రం స్వామి దాన్ని గట్టుమీద నిలబెట్టి, నెత్తిన బూడిద పోసి మంత్రం చదివితే రాయి కాలేదట. తుమ్మిందట."

"తుమ్మిందా?" అన్నాడు కుమ్మరి.

"తుమ్మితే ఆ బూడిదంతా ఎగిరి స్వామి గడ్డంలో పడిందట. అప్పుడు తెలిసిందట ఆయనకి, ఆ ఏటి కొత్తమామిడి నాలిక్కి తగిలిన ఒంటిమీద తన మంత్రం పారదని. పిల్లకి గుండు గీయించి, ఇక నువ్వు విరజా రాజ్యపు మనిషివి పొమ్మని తరిమేశారట. రేపు పొద్దు గుంకేవేళకి దొడ్డిలో మిగిలినవాళ్ళందర్నీ గట్టెక్కించి నాటేస్తారట. కొత్త పెట్టించే ముసల్ది ఒకతె ఉంది చూడూ, గంగెల్లి, దాంతోనే మొదలట."

"పాపం" అన్నాడు కుమ్మరి, సారె ఆపకుండానే.

"పాపమేంటి? ఘట్టం దగ్గర పెట్టిన పండు తిని తన దారిన తాను పోవచ్చు గదా. మామిడిపండేమన్నా చేదా?"

వెనక మన్ను తొక్కుతున్న పాలేరు కాళ్ళు ఆగిపోయాయి. సూరమ్మ తిరిగి చూసేసరికి మళ్ళీ తొక్కుతున్నాడు. ఆమె చూపు మరల్చుకుంది. మళ్ళీ చూసేసరికి మన్ను ఉంది, మనిషి లేడు.

ఆ పాలేరుని ఆ ఊళ్ళో గురవడనేవాళ్ళు. కరువుకి దక్షిణాన్నుంచి వలస వచ్చానని చెప్పుకున్నాడు. ఎడమచెవి మీదికి వాలేలా కట్టుకునే జుట్టుముడి తానే కోసుకున్నాడు. అసలు పేరు కొర్రన్న. గంగెల్లి కన్నకొడుకు.

తూర్పున విరజా రాజ్యం, పడమట ఉదుంబర రాజ్యం. నడుమ దోనెకొండలు. ఏనుగులు బారులు తీరి నడుస్తూ నడుస్తూ మధ్యలో నిద్రపోయినట్టుంటాయి ఆ కొండలు. వేసవి మొదట్లో ఇప్పపూల వాసన రెండు రాజధానుల దాకా దిగుతుంది. పొద్దున కురిసిన పూలతో నేల పసుపు రాసిన గడపలా ఉంటుంది. పొద్దెక్కేసరికి ఎలుగుబంట్లు ఆ పూలు తిని మత్తెక్కి, పెళ్ళివారి విడిదిలో మగాళ్ళలా ఎక్కడపడితే అక్కడ దొర్లుతుంటాయి. ఆ కొండల రెండు వాలుల్లోనూ ఉన్నవాళ్ళు ఇప్పెనలు. ఇటువాలు తూర్పుకోన, అటువాలు పడమటికోన. వాళ్ళకు రాజులున్నారని రాజులకు తెలుసుగానీ వాళ్ళకు తెలియదు.

ఇప్పెనలకు ఒక కట్టుబాటు ఉంది. మామిడి ఎంత పండి రాలినా కొత్త పెట్టేదాకా ముట్టరు. కొత్తంటే ఏమిటి? రెండు కోనలవాళ్ళూ కొండనెత్తిన ఉన్న జంటబండ దగ్గర ఎదురెదురుగా నిలబడాలి. తూర్పువాడి నోట్లో పడమటివాడు, పడమటివాడి నోట్లో తూర్పువాడు తొలిపండు పెట్టాలి. ఎవడి చేత్తో వాడు తినకూడదు. పెట్టేముందు ఒకరినొకరు "నోరు ఎంగిలి కాలేదు గదా?" అని అడగాలి. "కాలేదు" అనాలి. తన చేత్తో తాను కొత్త తిన్నవాడి చెయ్యి ఆ ఏటికి చచ్చిన చెయ్యి. అది ఎవరి నోటికీ అందకూడదు. ఇద్దరు అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్నా, గట్టు తగాదాలో కత్తులు దూసినా, ఏడాదికొక్కసారి అవతలివాడి చేతి ముద్ద కోసం నోరు తెరవక తప్పదు. పెళ్ళిళ్ళూ అంతే. పెళ్ళాడినవాడు పెళ్ళాం కోనకి పోవాలి. పోయాక వాడు ఆ కోనవాడే. కొర్రన్న మైనెల్లిని చేసుకుని పడమటికోనకి పోయాడు. అప్పటినుంచీ కన్నతల్లికి ఏటేటా కొత్త పెట్టేది ఆ చెయ్యే.

ఆంబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరుగుతాయంటారు. ఇక్కడ మాత్రం ఆంబోతులు చెలిమి చేసుకున్నాక విరిగాయి. తరాలుగా కొట్టుకున్న విరజ, ఉదుంబర రాజులు వియ్యమందుకుని, కట్నంలో కొండల్ని చెరిసగం చేసుకున్నారు. గట్టు వెంట సరిహద్దురాళ్ళు నాటితే ఇవాళ్టి రాయి రేపటికి పక్కకి జరిగేది. నువ్వు జరిపావంటే నువ్వు జరిపావన్నారు. అప్పుడొచ్చాడు కాలకంబళుడనే మాంత్రికుడు. ఎలుగుబంటి వెంట్రుకల కంబళి కప్పుకుంటాడు. ఆ కంబళి నీడ పడ్డచోట గడ్డి మళ్ళీ మొలవదు. "ఏనుగులు కదపలేని రాళ్ళు నాటిస్తాను, కొండమనుషుల్ని నాకప్పగించండి" అన్నాడు. రాజులిద్దరికీ ఖర్చు లేని పని. కొండమీద ఇప్పెనలనేవాళ్ళు లేరని, ఎన్నడూ లేరని, ఆ పేరు పలికిన నాలుక కోస్తామని రెండు రాజధానుల్లోనూ ఒకేరోజు దండోరా వేయించారు. లేనివాళ్ళని రాళ్ళు చేస్తే అడిగేదెవరు?

ముందు పడమటికోన ఖాళీ అయింది. ఆ వేళ కొర్రన్న గుగ్గిలం అమ్ముకోవడానికి సంతకి దిగి ఉన్నాడు. తిరిగి వెళ్ళేసరికి పొయ్యిల్లో నిప్పు ఇంకా ఆరలేదు. మనుషులు లేరు.

ఇప్పుడు ఊరి బయట తంగేడుపొదల్లోంచి పరుగెత్తుతూ అతను ఒక్కటే లెక్క వేసుకున్నాడు. కొత్తమామిడి తిన్నవాళ్ళు రాళ్ళు కారు. దొడ్డిలో ఉన్న తూర్పువాళ్ళు పడమటివాడు పెడితే తప్ప తినరు. పడమటిచెయ్యి లోకంలో ఇంకా ఒక్కటే మిగిలింది. అది తనదే. ఒక బుట్టెడు పండ్లతో ఆ చెయ్యి దొడ్డిలోకి చేరితే చాలు.

తెల్లవారేసరికి రాజుగారి మామిడితోపు దగ్గర, ఘట్టానికి పండ్లు మోసే కావళ్ళవాళ్ళ వరసలో గురవడు నిలబడి ఉన్నాడు. నెత్తికి కుమ్మరిమన్ను పట్టించాడు, జుట్టులో ఇంకిన ఇప్పనూనె వాసన బయటికి రాకుండా. మామిడిపండ్లు మోస్తున్నవాణ్ణి ఇప్పెనవాడని ఎవడనుకుంటాడు?

కావళ్ళవాళ్ళ పెద్ద దాసుబోయ. బొజ్జ ముందు, మాట వెనక నడిచే మనిషి.

"ఏరా, నెత్తిన ఆ మన్నేంటి? కుండ చేసుకుంటావా?"

"పేలు బాబయ్యా."

"అయితే నా వెనక నడువు. ముందు నడిస్తే గాలికి నా మీదికి దూకుతాయి."

అందరూ నవ్వారు. కొర్రన్న కూడా నవ్వాడు. కావడి భుజానికెత్తుకున్నాడు.

మధ్యాహ్నానికి గద్దలేటి లోయ వచ్చింది. లోయ మీద తీగల వంతెన. కింద, పాతాళానికి కన్నం పడ్డట్టు నీళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి. ఆ సుడుల అంచున మొసళ్ళు నోళ్ళు తెరిచి, దానం పుచ్చుకునే బ్రాహ్మల్లా ఓపిగ్గా ఉన్నాయి. వంతెన నడిమికి వచ్చేసరికి పైన గంట మోగింది. మెడకు ఇత్తడిగంట కట్టిన బోడిరాబందు, కాలకంబళుడు పెంచిన పక్షి. గుమ్మాలంత రెక్కలు. ఇప్పనూనె వాసన పసిగట్టి ఇప్పెనలను తన్నుకుపోవడమే దాని కొలువు. బారు మొదటినుంచీ ఒక్కొక్కడి నెత్తిమీదా ఆగి, వాసన చూసి, కదులుతోంది. కొర్రన్న దగ్గర ఆగింది. కదల్లేదు. ఎండకి మన్ను బీటలు తీసింది. ఆ బీటల్లోంచి ఏదో సన్నగా తగిలినట్టుంది దానికి. ముక్కు దించింది.

కొర్రన్న కదలకుండా, ముందున్న దాసుబోయ వీపునే చూస్తూ నిలబడ్డాడు. రెక్కలగాలికి వంతెన ఊయలైంది. దాసుబోయ కాలు జారింది. కావడి ఒకవైపు, మనిషి ఒకవైపు. బుట్టలోని పండ్లు ఒకటొకటిగా రాలి సుడిలో మాయమయ్యాయి. కొర్రన్న తన కావడిబద్దను తీగల్లోకి అడ్డంగా దూర్చి, దాన్ని పట్టుకుని వేలాడుతూ, రెండోచేత్తో దాసుబోయ మొలతాడు అందుకున్నాడు. మొలతాడు తెగలేదు. బోయ దిట్టంగా కట్టుకున్నాడు. రాబందు ఆ పెనుగులాటలో రాలుతున్న పండ్లకేసి మళ్ళి, ఒకదాన్ని గోళ్ళతో అందుకుని, వాసన చూసి, విసిరేసి, ఆ సొనవాసనలో ఇప్పనూనె జాడ తప్పి, గంట మోగించుకుంటూ పోయింది.

అవతలి ఒడ్డున దాసుబోయ మొలతాడు ముడి మళ్ళీ బిగించుకున్నాడు.

"నీకేం కావాలో అడగరా" అన్నాడు చివరికి.

"ఘట్టం దాటాక నీళ్ళ కావడి నాకియ్యి బాబయ్యా. పండ్లబుట్టలు భుజం కోస్తున్నాయి."

"అంతేనా? వెర్రివాడివిరా. దొడ్డికి నీళ్ళు మోసే పని ఎవడూ అడగడు. ఆ ఏడుపు వినలేక."

"నాకు చెవులు మందం."

అక్కణ్ణుంచి దారి గట్టెక్కింది. గట్టు వెంట రాళ్ళు. పొట్టివీ పొడుగువీ, ఒకదాని పక్కన ఒకటి, చూపు ఆనినంత మేర. దూరాన్నుంచి చూస్తే సరిహద్దు. దగ్గరికొస్తే ఒకటి వంగి ఉంటుంది, ఒకటి చంకలో ఏదో ఎత్తుకుని ఉంటుంది. వాటి మీద వాన పడ్డ చారలు లేవు. పక్షులు వాలిన ఆనవాలు లేదు. ఎండలో నిలబడి ఉన్నా ఆ రాళ్ళు చల్లగా ఉన్నాయని చెయ్యి ఆనించిన కావళ్ళవాడొకడు ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు.

"ఇక్కడ దించండ్రా" అన్నాడు దాసుబోయ. కావళ్ళు దించారు. బద్దలు రాళ్ళకి ఆనించారు. దాసుబోయ తమలపాకుకి సున్నం రాసుకుని, వేలికి మిగిలిన సున్నం పక్కనున్న రాతి భుజానికి తుడిచాడు.

ఆ రాయి ఒక ఆడమనిషి ఎత్తు. కుడికాలు మీద బరువు మోపి, నడుం కొంచెం ఒక పక్కకి వాల్చి ఉంది. నీళ్ళకుండ ఎత్తుకున్నప్పుడు మైనెల్లి అలాగే నిలబడేది. కొర్రన్న మెడ కిందకి చూశాడు. పూసలదండ ఉండేచోట గుంటలు గుంటలుగా ఉంది. దండ కొన్నది తనే. బేరమాడి, సంతలో తిట్లు తిని.

ఎవరో నీళ్ళందించారు. తాగాడు. లేచి కావడి సర్దుతున్నట్టు వంగి, భుజం మీది సున్నం తన తువ్వాలు కొసతో తుడిచాడు.

"ఆ రాయి మీద నీకెందుకంత శుభ్రం?" అన్నాడు ఒకడు.

"బద్ద జారుతోంది" అన్నాడు కొర్రన్న.

కావడి ఎత్తుకున్నాడు. వెనక్కి చూడలేదు. చూసుంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది.

ఘట్టం ద్వారం రెండు శిఖరాల నడుమ ఇనపదంతం దిగేసినట్టుంది. ముందు అరుగు మీద పళ్ళెంలో కొత్తమామిడిపండ్లు. వచ్చినవాడు ఒక పండు తినాలి, లోపలికి పోవాలి. తినకపోతే చేతులు వెనక్కి విరిచికట్టి దొడ్డిలోకి తోస్తారు. కావళ్ళవాళ్ళకి ఈ పరీక్ష ఉండదని కొర్రన్న అనుకున్నాడు. మొన్నమొన్నటిదాకా లేదు కూడా. కొండపిల్ల తుమ్మిన దగ్గర్నుంచీ పెట్టారు. ఘట్టపాలుడు వీరముష్టి, పల్చటి పెదాల మనిషి, ఒక్కొక్కడినీ తానే చూస్తున్నాడు. దాసుబోయ తిన్నాడు, రెండోది కూడా అడిగాడు. తక్కినవాళ్ళు తిన్నారు. కొర్రన్న వంతు వచ్చింది.

"చేతులకి మన్నుంది దొరా" అన్నాడు కొర్రన్న, దాసుబోయకేసి నోరు తెరిచి చూపిస్తూ. "బాబయ్య ఓ ముక్క నోట్లో పడేస్తే చాలు."

దాసుబోయ పండు తీయబోయాడు. వీరముష్టి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. నిన్న కూడా ఒకడు ఇలాగే అన్నాడు. ఇంకొకడి చేత పెట్టించుకుని తింటే వాళ్ళకది తప్పులో సగమేనట. నీ చేత్తో నువ్వు తిను."

కొర్రన్న పండు తీసుకున్నాడు. అరచేతిలో అది వెచ్చగా, బరువుగా ఉంది. తినకపోతే చెయ్యి మిగులుతుంది, పండ్లు బయటుండిపోతాయి. తింటే పండ్లు లోపలికి పోతాయి, చెయ్యి పోతుంది. పొద్దు పడమటికొండ మీదికి చేతెడు దూరంలో ఉంది.

తొక్క తీయకుండా ముచ్చిక దగ్గర్నుంచే కొరికాడు. సొన పెదవి చివర చురుక్కుమంది. మొదట ఏ రుచీ తెలియలేదు. తర్వాత తీపి తెలిసింది. ఇంత తియ్యటి పండు ఆ ఏడు ఎక్కడా పండి ఉండదు. ఆ తీపి గొంతులోంచి దిగుతుంటే, కొండలోంచి ఏదో రాయి ఊడి లోయలోకి దొర్లుతున్నట్టు, ఎప్పటికి అడుగు తగులుతుందా అని విన్నాడు. తగల్లేదు.

"బాగుందా?" అన్నాడు వీరముష్టి.

"పుల్లన" అన్నాడు కొర్రన్న. వీరముష్టి నవ్వి పొమ్మన్నాడు.

లోపల దాసుబోయ మాట నిలబెట్టుకున్నాడు. నీళ్ళ కావడి ఇచ్చాడు. బాగా మగ్గిన మామిడి నీళ్ళలో మునుగుతుంది. కొర్రన్న బుట్టల్లోంచి మగ్గినవాటినే ఏరి రెండు కుండల అడుగునా నింపి, పైన నీళ్ళు పోశాడు. ముళ్ళకంచె తలుపు దగ్గర కావలివాడు కుండలో మొహం చూసుకుని, మీసం తడుముకుని, తలుపు తీశాడు.

దొడ్డిలో మనుషులున్న అలికిడి లేదు. ఏడుపుల దశ దాటిపోయినట్టుంది. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పసివాళ్ళు, ఎండుటాకుల కుప్పల్లా అక్కడక్కడా ఉన్నారు. లోపల చేతులు విప్పేశారు. ఎక్కడికి పోతారని. కొర్రన్న తువ్వాలు కొసతో మొహం మీదికి కారిన మన్ను తుడుచుకున్నాడు. దగ్గర్లో ఉన్న ముసలి లింగెన్న తల ఎత్తి, చాలాసేపు చూసి, "ఒరే, మన గంగెల్లి కొడుకురా" అన్నాడు. కొడుకని ఆగలేదు. "పడమటివాడురా" అన్నాడు.

ఆ మాట దొడ్డంతా పాకింది. లేవలేనివాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. కొర్రన్న కుండలోకి చెయ్యి ముంచి పండు పైకి తీశాడు. చూసినవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. ఆ పండు నుంచి వాళ్ళు ఎన్నాళ్ళుగానో మొహం తిప్పుకుంటున్నారు.

"ఇది ఘట్టం దగ్గరి పండు కాదు తాతా. నేను పెడుతున్నాను" అన్నాడు. "తింటే స్వామి మంత్రం పారదు. నిలబడండి. నేనటు, మీరిటు."

"జంటబండ లేదు గదా."

"రెండు కోనలూ ఎదురెదురుగా నిలబడ్డ చోటే జంటబండ. ఆ మాట మా అమ్మ చెప్పేదే."

గంగెల్లి అప్పుడు లేచి వచ్చింది. ఎండు తుమ్మమోడులా ఉంది. జుట్టుముడి మాత్రం ఎడమచెవి మీద బిగువుగా ఉంది. కొడుకు మొహం రెండుచేతుల్లోకి తీసుకుని బొటనవేళ్ళతో చెంపలు తుడిచింది, కనుబొమలు తుడిచింది, పెదవులు తుడిచింది. పెదవి చివర సొన కాలిన చోట ఆమె వేలు ఆగింది. అక్కడ ఎర్రగా కంది, నీటిపొక్కు లేస్తోంది.

గంగెల్లి చెయ్యి తీసేసింది. వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా, "నిలబడండి. పసివాళ్ళని ముందు తీసుకురండి" అంది.

పసివాళ్ళ తరఫున తల్లులు అడిగారు. "నోరు ఎంగిలి కాలేదు గదా?"

"కాలేదు" అన్నాడు కొర్రన్న.

పసివాళ్ళ నోళ్ళలో పండు పెట్టాడు. తర్వాత తల్లులకి. తర్వాత ముసలివాళ్ళకి. ఒక్కొక్కరూ అడిగారు. ఒక్కొక్కరికీ కాలేదన్నాడు. మొదటిసారి నాలుక మడతపడింది. ఆ తర్వాత అదే నడిచింది. దానికే అతనికి భయమేసింది. లింగెన్న తింటూ తింటూ ఏడ్చి, ఏడుస్తూ నవ్వి, మిగిలిన ముక్క కొర్రన్న నోటికి అందించాడు. "మా కోన చేతిది నువ్వు కూడా తినాలిరా. అప్పనంగా పెట్టి పోతావా? ఎంగిలి కాలేదు గదా?"

"కాలేదు తాతా."

తిన్నాడు. ఈసారి రుచి తెలియలేదు.

"పడమటివాళ్ళంతా ఎక్కడున్నార్రా?" అని అడిగింది ఒక పడుచుపిల్ల, మూతి తుడుచుకుంటూ. "మా అన్న బాగున్నాడా?"

"గట్టు మీదే ఉన్నారు" అన్నాడు కొర్రన్న. "అందరూ ఒకచోటే ఉన్నారు." ఆ పిల్ల తృప్తిపడింది.

కంచె బయట డప్పు మోగింది. కంచె సందుల్లోంచి పొద్దు ఎర్రగా జారి నేలమీద కణికల్లా పడింది. ఆ వెలుగు మీదికి ముందుగా ఒక నీడ వచ్చింది. నీడ తగిలిన గడ్డి పరకలు సుళ్ళు తిరిగి నల్లబడ్డాయి. వెనకే కంబళి, కంబళిలోంచి బయటికి పొడుచుకొచ్చిన చెయ్యి, చేతిలో బూడిదకుండ. కాలకంబళుడు కంచె దగ్గర నిలబడి, ఎవర్నీ చూడకుండా, "ముసల్దాన్ని తీయండి" అన్నాడు. వీరముష్టి తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.

కొర్రన్న కుండలోకి చెయ్యి పెట్టాడు. అడుగున ఇంకొక్క పండుంది. దాని కోసం వెతకనక్కర్లేదు, ముందే పక్కన పెట్టుకున్నాడు. తల్లి ఎదుట నిలబడి చాచాడు. గంగెల్లి చేతులు కట్టుకుని, అతని చేతికేసి చూస్తోంది.

"ఏమే గంగెల్లీ, ఎప్పుడూ నువ్వే ఆఖరు" అన్నాడు లింగెన్న వెనకనించి, పండు తిన్న బలంతో. "కానియ్, పొద్దుపోతోంది."

గొళ్ళెం ఊడింది. కొర్రన్న మొలలో ఉన్న కుమ్మరికత్తి పిడి ఎడంచేతికి తగిలింది. బయట ఎంతమందున్నారో, తలుపెంత వెడల్పో, తల్లిని భుజాన వేసుకుంటే ఎంత దూరం పరుగెత్తగలడో, అన్నీ ఒక్కసారే ఆలోచనలోకొచ్చాయి. ఏదీ చాలదు. పండొక్కటే చాలు.

"అడగవే అమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "వాళ్ళందరూ అడిగారుగా. నువ్వూ ఒక్కసారి అడిగి నోరు తెరువు."

తలుపు తెరుచుకుంది. బూడిదవాసన లోపలికొచ్చింది.

"అడిగితే కాలేదంటావు" అంది గంగెల్లి, అతని పెదవి మీది పొక్కుకేసి చూస్తూ. "తల్లిని గదా, నేను నమ్మాల్సొస్తుంది."